పేరు చివర అడగాలి

“నిన్ననే చెప్పాను కదమ్మాయ్, ఆవిడ వద్దని. మళ్ళీ పొద్దున్నే తయారయ్యావా?”

“నిన్న మీరు కారణం చెప్పలేదు మేడమ్. కారణం లేకుండా కాదనకూడదని మీరే అంటారుగా” అంది చర్చావేదిక కార్యదర్శి, కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని.

గోడవారగా కూర్చున్న కొత్త అధికారికి ఆ పిల్ల ధైర్యం చూసి ముచ్చటేసింది. విద్యార్థుల సభలకి బయటి వక్తల్లో ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో తేల్చే గది అది. త్వరలో మేడమ్ రిటైరయ్యాక ఆ పని చూడాల్సింది అతనే. ఈ యూనివర్సిటీకి అతను ఎంత కొత్తంటే, క్యాంటీన్‌కి ఎటు వెళ్ళాలో ఇంకా అడిగి తెలుసుకుంటున్నాడు. మేడమ్‌ని చాటుగా అందరూ ‘జల్లెడ’ అంటారన్న సంగతి మాత్రం గేటు దాటకముందే చెవిన పడింది.

“సరే. ఇవాళ తేల్చేది నేను కాదు, మీరు” అంది మేడమ్ అతని వైపు తిరిగి. “నేను వద్దంటాను. ఈ అమ్మాయి కావాలంటుంది. ఇద్దరి మాటా వినండి.”

“ఇంతకీ ఎవరండీ ఆవిడ?”

“ఈ గదిలో పేరు చివర అడగాలి. ముందే పేరు వింటే తర్వాత చెప్పేవేవీ చెవికెక్కవు.”

చేరీ చేరగానే పై అధికారితో పేచీ వచ్చేలా ఉందని అతనికి భయం వేసింది. అమ్మాయిది అంతకన్నా ఇరకాటం. ఇక్కడ కారణం చెప్పి కాదంటే ఈ ఏడాదిలో మళ్ళీ అడగడానికి వీల్లేదు. ఆమెకి చదువు ఈ ఏడాదితో సరి.

“ఆవిడ నిజంగా బయటి మనిషేనా?” అని మొదలుపెట్టాడు.

“లోపల పనిచేసిన మనిషే సార్. సభ నాటికి బయటి మనిషే.”

బయటికి సాగనంపారన్నమాట, అనుకున్నాడు.

“ఆవిడకి మాట్లాడటం రాదు” అంది మేడమ్. “మైకు ముందు నిలబడితే చెమటలు పడతాయి.”

“మాట్లాడటం వచ్చినవాళ్ళని చాలామందినే విన్నాం మేడమ్. ఇంకొకళ్ళని మాట్లాడనిచ్చిన మనిషిని ఒక్కసారైనా వినాలని ఉంది.”

“సగం క్యాంపస్‌కి ఆవిడంటే గిట్టదు.”

“అందుకే హాలు నిండుతుంది.”

కొత్త అధికారి నవ్వబోయి, మేడమ్ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

“గొడవైతే?” అన్నాడు.

“గిట్టనివాళ్ళనే ముందు వరసలో కూర్చోబెడుతున్నాం సార్. అడిగేవన్నీ అడగమన్నాం. వాళ్ళూ సరేనన్నారు.”

“అసలు ఏం చేసిందమ్మా ఆవిడ?”

అమ్మాయి కాస్త ముందుకి జరిగింది. “హాస్టల్ భోజనం ఎంత అధ్వాన్నంగా ఉందో చెప్పడానికి అప్పట్లో పాత విద్యార్థి ఒకతన్ని పిలిచారు సార్. సభ మొదలయ్యే ముందు, హాలుకి తాళం వేసెయ్యమని పైనుంచి ఫోను. ఆవిడ సరేనంది. తాళంచెవి తీసుకుంది. హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుని, తిన్నగా వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. సభ అయ్యేదాకా లేవలేదు. ఆ తర్వాతే మా వంటగది బాగుపడింది. ఇవాళ నేను తినే తిండి ఆవిడ పుణ్యమే.”

“దాన్ని ధైర్యం అనరు, పొగరంటారు” అంది మేడమ్ విసురుగా. “ఆ పొగరుకి ప్రమోషన్ పోయింది. ఇంట్లో ఎన్ని మాటలు పడిందో నీకేం తెలుసు? ఇప్పుడు స్టేజీ ఎక్కి అదంతా చెప్పుకోవాలా?”

ఆ ప్రమోషన్ ఎవరికి దక్కి ఉంటుందో! కొత్త అధికారి చూపు మేడమ్ కూర్చున్న కుర్చీ మీదికి పోయింది. కడుపులో ఇంత మంట పెట్టుకుని పైకి నియమాల కబుర్లు చెబుతోంది కాబోలు అనుకున్నాడు. అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న గౌరవం కాస్తా దిగిపోయింది.

“ఆవిడ చెప్పుకోకపోతే మేం చెబుతాం మేడమ్” అంది అమ్మాయి. చూపు తిప్పుకోలేదు. “ఈ యూనివర్సిటీలో చదివానని నేను గర్వంగా చెప్పుకునేది ఆవిడ వల్లే. ఎవరూ థాంక్స్ చెప్పకుండా ఆవిడ వెళ్ళిపోతే సిగ్గు మాది.”

పక్క గదిలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

“చెప్పండి బాబూ” అంది మేడమ్ చివరికి. “ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే మాట పడేది మీరు.”

“పడతాను మేడమ్. తాళంచెవి సంగతి విన్నాక కాదనడానికి నాకు నోరు రావడం లేదు. ఆవిడని పిలవచ్చు. పైవాళ్ళు అడిగితే నేనే సమాధానం చెప్పుకుంటాను.”

అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి అతనికి తన మీద తనకే గర్వంగా అనిపించింది. మేడమ్ మాత్రం కళ్ళజోడు తీసి కిటికీ వైపు తిరిగిపోయింది. ఓడిపోయినందుకు ఉక్రోషం కాబోలు అనుకుని, పోనీ అని గొంతు తగ్గించి అడిగాడు.

“ఇప్పుడైనా చెప్పండి. ఏం పేరు రాసుకోమంటారు?”

అమ్మాయి మేడమ్ వంక చూసింది.

మేడమ్ తల వంచుకుని తన పేరు చెప్పింది.