మిస్డ్ కాల్ మోటారు

ముఖం నిండా సబ్బు పట్టించాక కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. నేనేమీ కంగారుపడలేదు. స్నానాల గదిలోకి కూడా ఫోన్ తీసుకెళ్ళే అలవాటు ఇలాంటప్పుడే పనికొస్తుంది.

అల్లవరంలో మా వీధి మొత్తానికి ఫోన్‌తో మోటారు వేసే మొనగాణ్ణి నేనే. రొయ్యల చెరువు మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లకి పెట్టే స్టార్టరునే తెచ్చి ఇంట్లో బిగించాను. మంచం దిగకుండా మిస్డ్ కాల్ ఇస్తే చాలు, ట్యాంకు నిండుతుంది. మా ఆవిడ లక్ష్మీతులసికి శ్రమ ఉండకూడదని నా తాపత్రయం.

కాల్ ఇచ్చాను. మోటారు తిరగలేదు. మళ్ళీ ఇచ్చాను. సబ్బు కళ్ళలోకి దిగింది.

అంతర్వేదిలో అక్కగారింటికి వెళ్ళిన తులసికి ఫోన్ చేశాను.

“ఆయ్, అది పనిచెయ్యదండి. వానాకాలంలోనే దాని వైరు ఎలకలు కొరికేసేయండి.”

“మరి నిన్నటిదాకా ట్యాంకెలా నిండింది?”

“మీరు ఫోన్ తీసి ‘మోటారేస్తున్నా’ అని కేకెయ్యగానే నేనెళ్ళి స్విచ్ నొక్కేదాన్నండి. వచ్చిన చుట్టాలందరికీ చూపించి అంత మురిసిపోతుంటే, చెప్పబుద్ధి కాలేదండి.”

మండుతున్న కన్ను నులుముకున్నాను.

“సరేలెండి, ఇయ్యాల్టికి మీరే నొక్కేసుకోండి,” అని ఫోన్ పెట్టేసింది.

తువ్వాలు చుట్టుకుని, ఒంటికన్నుతో పెరట్లోకి వచ్చాను. ఈ ఇల్లు దగ్గరుండి కట్టించింది నేనే. గోడలన్నీ తడిమాను. చివరికి సిగ్గు విడిచి మళ్ళీ ఫోన్ చేశాను.

“తులసీ, మనింట్లో మోటారు స్విచ్ ఎక్కడుంటుంది?”