తిరగేసిన ముడి

యుద్ధంలో చనిపోయిన సిపాయి తాతబాబు గురించి తనకు తెలియనిది లేదని, అతని మీద పుస్తకం రాస్తున్న కృపాకర్ మాస్టారి ధీమా. ఎడమచేతి వాటం వల్ల వల ముడిని తిరగేసి వేసేవాడని, భీమిలి ఒడ్డున అలా వేసేవాడు అతనొక్కడేనని కూడా రాసుకున్నారు.

అతను పోయిన పన్నెండేళ్లకు, 1983లో ఒక రాత్రి, అతని తల్లి గంగాలమ్మ ఇంట్లో కొత్త నైలాన్ వల చూశారు. బాగుచేసినచోటల్లా తిరగేసిన ముళ్లే.

"ఎవరు వేశారమ్మా ఇవి?"

"నానెరగను బాబూ. సిరిగినప్పుడల్లా రేతిరి ఆ మూలన తగిలిత్తాను, తెల్లారేసరికి కట్టేసుంటాది. ఇయ్యాల కూడా సిరిగినాది."

మాస్టారు నవ్వేశారు. "అయితే చూసే వెళ్తాను."

"సూద్దురుగాని, దీపం ఆర్పీండి. ఎలుతురుంటే మావోడు కూకోడు."

నవ్వుతూనే లాంతరు ఆర్పారు. చీకట్లో, మూలనుంచి సర్రున దారం లాగిన చప్పుడు. గంగాలమ్మ రెండు చేతులూ అప్పటికే ఆయన మోచేతిని పట్టుకుని ఉన్నాయి.