నూరేండ్ల గ్యారంటీ

"బీడీ ఇడిసిపెట్టి పదేండ్లాయె డాక్టరమ్మా! పొద్దుగాల అయిదు కిలోమీటర్లు నడుస్త, రాత్రికి జొన్నరొట్టెనే తింట. నూరేండ్లు గ్యారంటీ!" అన్నాడు జీవరాజు.

బోధన్ మొత్తంలో తనంత ఆరోగ్యవంతుడు లేడని ఆయన నమ్మకం. చూపించుకోవడానికి వచ్చింది మాత్రం దగ్గుతో సతమతమవుతున్న ఆయన భార్య సువర్ణ.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసింది. "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావమ్మా బీడీలు?"

"అయ్యో, ఒక్కటి గూడ ముట్టియ్యలే. ఇంట్ల కూసొని బీడీలు చేస్త. దినాం వెయ్యి."

"కిటికీలు తెరుచుకుని చేస్తావా?"

"ఎట్ల తెరుస్తది?" జీవరాజు నవ్వాడు. "తంబాకు ఘాటు నాకు పడదు. అర్రల కూసోబెట్టి తలుపు, కిటికీ నేనే దగ్గరుండి మూస్త."

డాక్టరు ఎక్స్‌రేను ఆయన వైపు తిప్పింది. నవ్వు ఎక్కడ ఆపాలో జీవరాజుకు తెలియలేదు.

"మా ఆయనకు నూరేండ్లు గ్యారంటీనే డాక్టరమ్మా," దగ్గు ఆపుకుంటూ అంది సువర్ణ. "నా ఏండ్లు గూడ కలుపుకున్నడు గద!"