చేపతొట్టికి కొత్త నీళ్లు

అనంతపురంలో ఇప్పుడు మనిషి ముఖం చూశాకే కుళాయి నీళ్లు వదులుతుంది, రోజుకు తలకు ఇంతని. చేపలకు వంతు లేదు. అందుకే ఆ వీధిలో చేపలన్నీ గోడ తెరల మీదే ఈదుతాయి. నాగరత్న మాత్రం తన వంతులో మిగిల్చి కూతురి బంగారు చేపను బతికించుకుంటూ వచ్చింది.

ఒకరోజు చేప ఒంటి నిండా తెల్లమచ్చలు లేచాయి. మందులషాపామె నీలం మందు ఇస్తూ గట్టిగా చెప్పింది.

"నీళ్లు కొలిచి చుక్కలెయ్యమ్మా. రోజూ కొన్ని నీళ్లు తీసి కొత్తవి పొయ్యాల. లేకుంటే మందే విషమైతాది."

నాగరత్న స్నానం మానేసి ఆ నీళ్లు తొట్టిలో పోసింది. మచ్చలు తగ్గుతున్నాయనగా కూతురు తన్వితకు జ్వరం కాసింది.

"పాపకే చాలకుంటే చేపకు యాడ్నుంచి పోస్తావు?" అన్నాడు భర్త ఓబులేసు.

చేతిలోని చెంబు కూతురి నోటికే అందించింది నాగరత్న. చేపకు మందుచుక్కలు వేసిందే గాని నీళ్లు మార్చలేకపోయింది.

తెల్లారేసరికి తన్వితకు జ్వరం దిగింది. చేప తొట్టి అడుగున కదలకుండా పడి ఉంది.

"అమ్మా, మచ్చలన్నీ పోయినాయి! నిద్రపోతాంది" అంటూ తన్విత సంబరంగా తన వంతు నీళ్లు పట్టుకొచ్చి తొట్టిలో పోసేసింది.

నాగరత్న నీలం మందు సీసాను కొంగు చాటున దాచేసింది.