పోయొస్తా

మునెమ్మ గుడ్డసంచిలో తువ్వాలు పెట్టింది. మళ్లీ తీసి, దులిపి, మడిచి పెట్టింది. దాని మీద రెండు పంచెలు కుక్కింది.

"ఏమే, నన్ను కాశీకి పంపిస్తాండావా? సాయంత్రానికి వచ్చేస్తా గదా," అన్నాడు ఆదిమూలం.

"నోట్లో కత్తి పెడతారంట. నెత్తురు పడితే గుడ్డలు మార్చుకోవద్దా?"

ఆదిమూలం పాకాలలో పెళ్లిళ్లకు సన్నాయి వాయిస్తాడు. ముందు పన్ను ఊడిపోతే ఎముకలో మర బిగించి కొత్త పన్ను పెట్టించుకున్నాడు. ఇప్పుడు దాని చుట్టూ చిగురు పైకి జారిపోయి లోపలి మర కనబడుతోంది. సన్నాయి పీక పెదవుల మధ్య పెట్టుకుంటే ప్రాణం జివ్వుమంటోంది. అంగిట్లోంచి చిన్న కండముక్క కోసి, చిగురు మీద కప్పి కుడతానంది తిరుపతి డాక్టరమ్మ.

"చినిగిన రవికకు మాసిక వేసినట్టా?"

"అట్లనే."

"మత్తుసూది వేసినాక లేవకపోతే?"

"మత్తు నోటికే. కాళ్లకు కాదు. నడిచే వస్తా." సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. "సరే, నే పోతా."

మునెమ్మ ఒక్క అంగలో వచ్చి సంచి పట్టుకుంది. "ఏమన్నావు?"

"నోరు జారింది లేవే."

"మా నాయన ఆ మాటే అని పోయినాడు. లోపలికి రా. కూచో. నీళ్లు తాగి మళ్లీ చెప్పు."

రైలుకు వేళవుతోంది. వీధిలోంచి డోలు గురప్ప కేకేస్తున్నాడు. అయినా ఆదిమూలం లోపలికొచ్చాడు, కూర్చున్నాడు, నీళ్లు తాగాడు.

"పోయొస్తా తల్లీ, పోయొస్తా. సాలునా?"

"పోయిరా," అంది. ఇంటి ముందు కట్ట మీద రైలు పోయి, పొగమంచులో కలిసిపోయేదాకా వాకిట్లోనే నిలబడింది.

పొద్దు వాలుతుండగా ఆదిమూలం నడిచే వచ్చాడు. పైపెదవి వాచి ఉంది. మాట లేదు. మాటలన్నీ గురప్పే చెప్పాడు.

"అక్కా, వారం దాకా నోరు తెరవగూడదన్నారు. పెదవి సాగిందంటే కుట్లు తెగి, అతికించిన ముక్క ఊడొస్తాదంట. ఊడితే సన్నాయి ఇంక గోడకు తగిలించుకోవాల్సిందే. ఈ వారం నువ్వెంత తిట్టినా బదులు చెప్పడు, నీకు పండగే. బుగ్గకు మాత్రం ఐసు పెట్టాలంట." చెప్పి ఇంటికి పోయాడు.

మునెమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. "సూసినావా? పోయొస్తానన్నావు, వచ్చినావు."

ఆదిమూలం తల ఊపాడు. బుగ్గ సలుపుతుంటే కళ్లు మూసుకున్నాడు. అది చూసి ఆమె చెంబు అందుకుంది.

"కట్ట అవతల సోడా అంగట్లో ఐసు ఉంటాది. నువ్వు కదలొద్దు. నే పోతా."

ఆదిమూలం కళ్లు తెరిచాడు. కాపురానికొచ్చినాక ఆమె నోట ఆ మాట వినలేదు. మంచం పట్టె మీద అరచేత్తో కొట్టాడు. ఆమె వాకిట్లో వెనక్కి తిరిగింది. లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు, నీళ్ల కడవ చూపించాడు.

"దప్పికా? వచ్చినాక ఇస్తాలే, పొద్దుపోతే అంగడి మూసేస్తాడు."

కాదు, కాదని తల తిప్పాడు. పెదవులు విడదీయబోయాడు. కుట్టు లాగింది, నాలుకకు ఉప్పగా తగిలింది.

మునెమ్మ వేలు పెదవి మీద పెట్టుకుంది. "మాట్లాడొద్దు. సన్నాయి కావాలా, వద్దా?"

ఆదిమూలం నోరు మూసుకున్నాడు. ఆమె చెంబు పట్టుకుని గబగబా కట్ట ఎక్కింది. చిత్తూరు వైపు నుంచి గూడ్సుబండి కూత వినిపించింది.

కుట్లు తెగలేదు. చిగురు చక్కగా అతుక్కుంది. ఆ రోజు పొద్దు గుంకే వేళ ఐసుకని పోయిన మునెమ్మ మళ్లీ రాలేదు.