మాజీ గారింటికో మనిషి

"ఎవరన్న వచ్చిండ్రా?" హాల్లోంచి రామచందర్ మళ్లీ అడిగాడు.

"ఇంక రాలే. జర ఇడ్లీ తినుండ్రి," అంది కౌసల్య.

"ఆకలైతలేదు. మనిషి గడప తొక్కని ఇంట్ల బతికి ఏం ఫాయిద కౌసల్యా?"

ఎన్నికల్లో ఓడాక మొదట గన్‌మెన్లు పోయారు, తర్వాత అనుచరులు పోయారు, ఇప్పుడు ఆకలి పోయింది. మాజీ ఎమ్మెల్యే గారు పొద్దున్నే ఇస్త్రీ నలగని తెల్లబట్టల్లో వచ్చి ఖాళీ ప్లాస్టిక్ కుర్చీల ఎదుట కూర్చుంటాడు. మంత్రులతో దిగిన ఫోటోలు గోడమీది నుంచి ఆయన్నే చూస్తుంటాయి. నిన్నటి నుంచి బీపీ మాత్ర కూడా ముట్టలేదు.

ఇలా లాభం లేదనుకుని కౌసల్య పెరటి దారిన బయటికి వచ్చింది. పక్కన కడుతున్న బిల్డింగులో గోడలకు నీళ్లు పడుతున్న మనిషిని పిలిచింది.

"నీ పేరేంది తమ్మీ?"

"మాన్‌సింగ్ అమ్మా. నర్సింహులపేట అవతల తండా మాది."

"ఒక్క పని చేస్తవా? లోపటికి పోయి మా సారుకు ఏదన్న కష్టం చెప్పుకో. లేకుంటే కల్పించి చెప్పు. పని అయితదా కాదా అని చూడకు. ఆయన ముంగట ఒక మనిషి నిలబడాలె, గంతే."

మాన్‌సింగ్ ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. చేతులు కడుక్కుని, తలకు చుట్టిన తువ్వాల తీసి భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు. కౌసల్య వంటింటి తలుపు చాటున నిలబడింది.

"సారూ, మా వాగు మీద కల్వర్టు లేదు. నా భార్య తుల్సీబాయికి నెలలు నిండినయ్. వాన పడితే దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె? మీ కాల్మొక్త సారూ..." తువ్వాల కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏడ్వకు తమ్మీ, నేనున్న గద!" రామచందర్ లేచి నిలబడ్డాడు. ఫోన్ తీసి ఏ ఇంజనీరునో గట్టిగా దబాయించాడు. అవతల ఎత్తారో లేదో దేవుడికే తెలియాలి. "రేపు మళ్ల కనపడు. కౌసల్యా, తమ్మునికి చాయ్! నాకు ఇడ్లీ పట్టుకరా!"

ప్లేటు ఖాళీ అయింది. మాత్ర కూడా లోపలికి పోయింది.

కౌసల్య గేటు దగ్గర మాన్‌సింగ్‌కు చాయ్ గ్లాసు ఇస్తూ నవ్వింది. "ఏం యాక్టింగ్ చేసినవయ్యా! నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. తుల్సీబాయి పేరు గూడ కల్పించినవా?"

"కల్పించలే అమ్మా. సారు ఎమ్మెల్యే ఉన్నప్పటి ముచ్చట. ఒక రాత్రి వాన పడ్డది. తుల్సీబాయి వాగు ఒడ్డు మీదనే పానం ఇడిసింది."

కౌసల్య నవ్వు ఆగిపోయింది. "అయ్యో! మరి అప్పుడే వచ్చి సారుకు చెప్పకపోయినవా?"

మాన్‌సింగ్ తాగిన గ్లాసును గోడమీద జాగ్రత్తగా పెట్టాడు.

"ఆ పొద్దు వచ్చిన అమ్మా. ఈ గేటు కాడనే మీరు చాయ్ ఇచ్చి, సారు పండుకున్నడు, రేపు రా అన్నరు."