ఈ ఏటి నురగపండ్లు

"నువ్వు రావద్దు అత్తా. కొండలెక్కొద్దని డాక్టరు చెప్పాడు కదా."

సెలెస్టీన్ వినిపించుకోలేదు. చాప చుట్టి చంకన పెట్టుకుంది. తలకు కట్టుకున్న రుమాలు ముడి బిగించుకుంది.

"డాక్టరొచ్చి పొద దులుపుతాడా? నురగపండ్లు ఉండేది నాలుగు రోజులు. తర్వాత అవి పిట్టలవి. నడు, కోడలా."

ఎవలీన్ చెప్పులేసుకుని వెనకే నడిచింది.

మంగళవారం మధ్యాహ్నం పోలీసులు ఫోన్ చేశారు. మంచు కరిగాక నది ఒడ్డున దొరికిన ఎముకలు రోజాలీవేనని తేలిందట. నాలుగేళ్ల కింద చలికాలంలో, హైవే మీద బస్సు కోసం నిలబడి, మళ్లీ కనబడని రోజాలీ. అప్పటికి పందొమ్మిదేళ్లు. ఎవలీన్‌కు ఒక్కతే కూతురు. సెలెస్టీన్‌కు ఒక్కతే మనవరాలు.

ఉత్తరాన దుంగల లారీ నడిపే భర్తకు ఎవలీన్ ఆ రోజే చెప్పింది.

"అమ్మ గుండె తట్టుకోలేదు. ఆదివారం నేనొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం. అప్పటిదాకా ఆమె ముందు ఏడవకు" అన్నాడతను, ఏడుస్తూ.

వాళ్ల ఆచారంలో, చావు కబురు తెలిసిన రోజే ఆ ఇంటి ఆడవాళ్లు జడ మొదలంటా కోసేసుకోవాలి. ఎవలీన్ కత్తెరను సొరుగులో దాచింది. జడ అలాగే వేలాడుతోంది. అది తప్పే. కానీ దానికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది పాటు నురగపండ్ల పొదను తాకకూడదు. తాకితే ఆ పొద మళ్లీ కాయదు. తెలియక తాకినా తాకినట్టే. కొండ మీది పొదలు ఊరందరివీ. పండక్కి గిలక్కొట్టి తినే నురుగూ అవే, కడుపునొప్పికి మందూ అవే.

అత్త చేయి పొద మీద పడకూడదు. ఎందుకో ఆమెకు తెలియకూడదు.

అందుకే పక్కింటి డెల్ఫీన్‌కు ముందే చెప్పి ఉంచింది. దారి మలుపులో ఆమె ఎదురైంది.

"పెద్దమ్మా, ఈసారి నేను దులుపుతాను. నువ్వు కూర్చుని చూడు."

"నువ్వా? పోయినేడు నువ్వు దులిపిన ఆకులు ఇంకా నా పళ్లలో ఉన్నాయి."

సగం దూరంలో ముసలామె ఒక బండ మీద కూర్చుండిపోయింది. ఒగరుస్తోంది. ఈ ఆయాసం మే నెలలో మొదలైంది. అప్పుడొక పోలీసాయన పూసల సంచి ఒకటి పట్టుకుని ఊళ్లోకి వచ్చాడు. నది ఒడ్డున దొరికిందట. ఎవరి పనితనమో చెప్పమని ముసలమ్మలకు వరసగా చూపించాడు. ఆ వేళకు ఎవలీన్ స్కూల్లో పిల్లలకు వంట చేస్తోంది. సెలెస్టీన్ ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మనవాళ్ల కుట్టు కాదు" అందట. సాయంత్రం ఆ మాట విన్నాక ఎవలీన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు అత్త పెరటి అవతలి తన ఇంట్లో మంచం పట్టింది. కామ్లూప్స్ పట్నం ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. ఏ జబ్బూ తేలలేదు. కొండలెక్కొద్దని మాత్రం చెప్పి పంపారు.

"లే అత్తా, ఇంటికి పోదాం."

"నువ్వు పో. పొయ్యి మీద ఏదైనా మాడుతోందేమో చూసుకో."

పొదలు ఎర్రగా కాసి ఉన్నాయి. డెల్ఫీన్ చాప పరిచింది. సెలెస్టీన్ కర్ర చేతిలోకి తీసుకుంది. కొమ్మ కిందికి వెళ్లి నిలబడింది. ఎవలీన్ చూపు ఆ కర్ర మీదే ఉంది.

చాలాసేపు అలాగే నిలబడి, ముసలామె కర్రను డెల్ఫీన్ చేతిలో పెట్టింది.

"భుజం లేవట్లేదు. నువ్వే కొట్టు. మెల్లగా, చంటిపిల్ల వీపు తట్టినట్టు."

తర్వాత కోడలి వైపు తిరిగింది.

"నువ్వు పొద దగ్గరికి రాకు. నీ మొరటు చేతులకు కొమ్మలు విరుగుతాయి. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ఈ ఏడు మనిద్దరం దొరసానులం."

మణికట్టు బెణికిందని చెప్పాలనుకుంది ఎవలీన్. ఆ అబద్ధం అవసరం రాలేదు. అత్త పక్కన కూలబడింది. పండ్లు చాప మీద టపటపా రాలుతున్నాయి. ముసలామె కోడలి చేతిని తన ఒళ్లోకి లాక్కుని, డెల్ఫీన్ చివరి కొమ్మ దులిపేదాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక సెలెస్టీన్ గిన్నెను మూడుసార్లు కడిగింది. జిడ్డు చుక్క తగిలినా నురుగు పొంగదు. డెల్ఫీన్ దులిపిన పండ్లు పోసి, నీళ్లు చిలకరించి, చేత్తో గిలక్కొట్టింది. గులాబీ రంగు నురుగు గిన్నె అంచు దాకా లేచింది.

"రోజాలీ అయితే ఈపాటికి వేలు పెట్టేసేది" అంది.

ఎవలీన్ కిటికీ వైపు తిరిగింది.

మిగిలిన పండ్లను ముసలామె సీసాలో నింపింది. ఏటా నింపుతుంది, పిల్ల వచ్చి తింటుందని. ఇది నాలుగోది. మూత మీద రోజాలీ పేరు రాసింది.

"ఇటివ్వు అత్తా, నేను పెడతాను."

"నీకు అందదులే."

స్టూలెక్కి సీసాను పై అరలో, మిగతా మూడింటి పక్కన జరిపింది. దిగుతుంటే అర అంచున ఉన్న మేకుకు రుమాలు తగులుకుంది. ఊడి వచ్చి అక్కడే వేలాడింది.

ఎవలీన్ తలెత్తి చూసింది.

రుమాలు కింద జడ లేదు, మే నెల నుంచి పెరుగుతున్న రెండు వేళ్ల పొట్టి జుట్టు ఉంది.